ఎర్ర సముద్రం దాడులు: వెనకున్న దేశం చేతిల నిజంగ ఎంత పట్టు ఉంటది?

హన్మకొండ_మెయిన్స్

అందరికి నమస్తే. సివిల్స్ మెయిన్స్ జీఎస్-3ల 'బయటి దేశాలు, దేశాలు కాని శక్తులు' అనే భాగం చదువుతున్న. ఏ నోట్సు తీసినా ఒక్కటే లైను: "ఇరాన్ తన ప్రాక్సీ అయిన హూతీల ద్వారా బాబ్ ఎల్ మందెబ్‌ను నియంత్రిస్తోంది." హూతీలంటే గాజా యుద్ధం పేరుతోని 2023 చివరి నుంచి ఓడలను కొట్టిన యెమెన్ తిరుగుబాటుదారులు, ప్రాక్సీ అంటే వేరే దేశం తరఫున కొట్లాడే బలగం, బాబ్ ఎల్ మందెబ్ అంటే ఎర్ర సముద్రం దక్షిణ మొగదల ఉన్న జలసంధి. ఆ లైను వెనక ఏమున్నదో మాత్రం ఎవ్వరు రాస్తలేరు.

నాకు తెల్వాల్సినవి ఇవి. వెనకున్న దేశం ఆదేశాలిస్తదా, ఆయుధాలిస్తదా, పైసలిస్తదా? అసలు పట్టు దేని మీద? మునిగినవి నాలుగు ఓడలైతే మిగిలినోళ్లంత ఎందుకు దారి మళ్లించుకున్నరు? అమెరికా నేవీ అక్కడే ఉండి కూడ ఎందుకు ఆపలేకపోయింది? ఇరాన్ ఒక్కటేనా, వేరే దేశాలు కూడ ఇట్ల చేసినయా?

చివరిది మన దగ్గరిది. సొసైటీల డీఏపీ లేదంటే "ఎర్ర సముద్రం లొల్లి" అంటున్నరు. నిజమేనా, సాకా? జర వివరంగ చెప్పుండ్రి.

పాలిటిక్స్_కరీంనగర్

తమ్ముడూ, నోట్సులోని ఆ లైను మ్యాప్ దగ్గరే తప్పుతుంది. బాబ్ ఎల్ మందెబ్ ఇరుకైన చోట సుమారు 30 కిలోమీటర్ల వెడల్పు. మధ్యలో పెరిమ్ అనే దీవి ఉంటుంది, అరబ్బీ మ్యాపుల్లో మయ్యూన్ అని చూస్తావు. దీవికి తూర్పున ఉన్న పాయ మూడు కిలోమీటర్లే, లోతు కూడా తక్కువ. పెద్ద ఓడలు పోయేది పడమటి పాయలో, అది 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఈ దీవి గానీ, పక్కనున్న మోఖా తీరం గానీ హూతీల చేతిలో లేవు. అక్కడున్నది హూతీల మీద పోరాడే తారిక్ సాలెహ్ నాయకత్వంలోని బలగాలు, వాళ్లకు ఏళ్లపాటు అండ యూఏఈ. హూతీల చేతిలో ఉన్నవి హుదైదా, సలీఫ్, రాస్ ఈసా రేవులు. హుదైదా జలసంధికి ఉత్తరంగా 200 కిలోమీటర్ల పైనే ఉంటుంది. అంటే గొంతు దగ్గర చెయ్యి వేయకుండానే, దూరం కొట్టగలిగే ఆయుధాలతో దారి మొత్తాన్ని ప్రమాద ప్రాంతంగా మార్చారు. ఈ ఒక్క ముక్క సరిగా రాస్తే నీ జవాబు పక్కవాళ్లకంటే వేరేగా నిలబడుతుంది.

ఇక పట్టు సంగతి. మూడు పొరలుగా చూడు. పైసలు, ఆదేశాలు, విడిభాగాలు. వీటిలో పైసలది అందరూ అనుకునేంత పెద్ద పాత్ర కాదు. 2014 సెప్టెంబర్‌లో యెమెన్ రాజధాని సనా పట్టుకున్నప్పటి నుంచి హూతీలకు సొంత పన్నులున్నాయి, హుదైదా రేవు సుంకాలున్నాయి. ఆదేశాల సంగతి అంతకన్నా బలహీనం, దాని గురించి కింద చెప్తాను. గట్టి పట్టు ఉన్నది విడిభాగాల మీద. డ్రోన్ల రెక్కలు, బాడీ, పేలుడు పదార్థం నింపడం లాంటివి యెమెన్‌లోనే అవుతాయి. ఇంజన్లు, గైరోస్కోపులు, సెర్వో మోటర్లు, క్షిపణిని ఓడ మీదికి తిప్పే గైడెన్స్ పరికరాలు మాత్రం బయటి నుంచి రావాల్సిందే. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం నివేదికలు ఏళ్ల తరబడి చూపిస్తున్నది ఇదే. శకలాల్లో దొరికిన భాగాలు ఇరాన్ తయారీవి, లేదా ఇరాన్ వాడే సరఫరా గొలుసు నుంచి వచ్చినవి.

యెమెన్ మీద 2015 ఏప్రిల్‌లో 2216 తీర్మానంతో ఆయుధ నిషేధం పెట్టారు. దానికి తోడు జిబూటీ నుంచి ఐక్యరాజ్యసమితి తనిఖీ వ్యవస్థ నడుస్తుంది. హుదైదా వైపు పోయే 100 టన్నులు దాటిన వాణిజ్య నౌకలు ముందుగా అనుమతి తీసుకోవాలి. బొక్క ఎక్కడో చూశావా? ధౌ అనే చెక్క పడవలు ఆ లెక్క కిందికి రావు. ఇరాన్ దక్షిణ తీరం నుంచి సోమాలియా వైపు ధౌ వస్తుంది, సముద్రంలోనే సరుకు చిన్న పడవల్లోకి మారుతుంది, అక్కడి నుంచి యెమెన్ తీరం. 2024 జనవరి 11న అమెరికా నేవీ సోమాలియా దగ్గర పట్టుకున్న ధౌలో క్షిపణి భాగాలు దొరికాయి. ఆ దాడిలో ఇద్దరు అమెరికా కమాండోలు సముద్రంలో పడి చనిపోయారు. 2025 జులైలో తారిక్ సాలెహ్ బలగాలు 750 టన్నుల ఆయుధ సామగ్రి పట్టుకున్నామని ప్రకటించాయి, అమెరికా సెంట్రల్ కమాండ్ కూడా దాన్ని చెప్పింది. ఒక్కసారి దొరికిన సరుకే అంతుంటే దారి ఎంత అలవాటైపోయిందో ఊహించుకో.

ఇంకో పొర ఉంది, దాన్ని ఎవరూ రాయరు. సముద్రం మీద కన్ను. క్షిపణి ఉంటే చాలదు, ఏ ఓడ ఎక్కడుందో తెలియాలి. ఇరాన్‌కు చెందిన 'సవీజ్' అనే ఓడ పైకి సరుకు ఓడే, కానీ ఏళ్ల పాటు ఎర్ర సముద్రంలో లంగరేసి ఉండింది. 2021 ఏప్రిల్‌లో దాని మీద పేలుడు జరిగాక దాని స్థానంలోకి 'బెహ్‌షాద్' వచ్చింది. ఓడల సమాచారం హూతీలకు అక్కడి నుంచి అందేదని అమెరికా ఆరోపణ, ఇరాన్ ఒప్పుకోదు. ఆ ఓడలు లేకున్నా పని ఆగదు, ఎందుకంటే ఓడలు తామే తమ ఆచూకీ రేడియోలో చెప్పుకుంటూ పోతాయి. ఆ ముక్క ఓడల మీద పనిచేసేవాళ్లు చెప్తే బాగుంటుంది.

మెరైన్_పాలసీ

"నాలుగు మునిగితే అందరూ ఎందుకు మళ్లారు" అన్న ప్రశ్నకు జవాబు ప్రీమియంలో ఉంది. అంకెలతో చూద్దాం.

ఓడకు మామూలు బీమా వేరు, యుద్ధ ప్రమాద బీమా వేరు. లండన్‌లో బీమా రంగానికి చెందిన జాయింట్ వార్ కమిటీ ప్రమాద ప్రాంతాల జాబితా ఒకటి ఉంచుతుంది. ఆ గీత లోపలికి పోయే ఓడ ముందే బీమాదారుకు చెప్పి, ఆ ప్రయాణం వరకు అదనపు ప్రీమియం కట్టాలి. కవర్ మామూలుగా ఏడు రోజులకే. 2023 డిసెంబర్ 18న ఆ కమిటీ దక్షిణ ఎర్ర సముద్రంలో గీతను ఉత్తరానికి జరిపింది. దాడులకు ముందు ఈ అదనపు ప్రీమియం ఓడ విలువలో 0.05 శాతం దగ్గర ఉండేది. 2024 మొదట్లో 0.7 నుంచి 1 శాతానికి ఎక్కింది.

ఇప్పుడొక ఊహా లెక్క. మధ్యరకం బల్క్ ఓడ (బొగ్గు, ధాన్యం లాంటివి విడిగా నింపుకునేది), విలువ 5 కోట్ల డాలర్లు. సూయజ్ రుసుము 2.5 లక్షల డాలర్లు అనుకుందాం. ఆఫ్రికా చుట్టూ కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా పోతే అదనంగా 3,500 నాటికల్ మైళ్లు. గంటకు 14 నాటికల్ మైళ్ల వేగంతో 250 గంటలు, అంటే పదిన్నర రోజులు. రోజుకు 30 టన్నుల ఇంధనం, టన్ను 600 డాలర్లు అయితే దాదాపు 1.9 లక్షలు. ఓడ అద్దె రోజుకు 15 వేలు వేస్తే 1.56 లక్షలు. కేప్ దారి అదనపు ఖర్చు మొత్తం 3.4 లక్షల చిల్లర.

సూయజ్ వైపు చూడండి. ప్రీమియం 0.05 శాతం ఉన్నప్పుడు 25 వేలు, రుసుముతో కలిపి 2.75 లక్షలు. సూయజ్ చవక. ప్రీమియం 0.7 అయితే 3.5 లక్షలు, రుసుముతో 6 లక్షలు. కేప్ చవక. మలుపు ఎక్కడ వస్తుందో లెక్కేస్తే 0.19 శాతం దగ్గర తేలుతుంది. అంటే దాడి చేసేవాడు దారి మూసేయాల్సిన పని లేదు. లండన్‌లో కూర్చుని ప్రీమియం ఖరారు చేసే అండర్‌రైటర్ 0.05ను 0.2కు పెంచేంత భయపెడితే చాలు, నా ఊహా ఓడ యజమాని తనంతట తానే మళ్లిపోతాడు. క్షిపణుల్లో ఎక్కువ భాగం గురి తప్పినా, కూల్చేసినా ప్రీమియం దిగదు, ఎందుకంటే బీమాదారు చూసేది వచ్చే వారం ప్రయత్నం జరుగుతుందా లేదా అని.

కంటైనర్ కంపెనీలు ముందుగా పారిపోవడానికి కారణం కూడా ఇదే. పెద్ద కంటైనర్ ఓడలో సరుకు విలువ ఓడ విలువను దాటిపోతుంది, పైగా వేల మంది సరుకు యజమానులు. 2023 డిసెంబర్ 15, 16 తేదీల్లోనే మెర్స్క్, హపాగ్ లాయిడ్, ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం ఆ దారి ఆపేశాయి. రష్యా చమురు తెచ్చే ట్యాంకర్లు మాత్రం ఆగలేదు, వాటిలో చాలా వాటికి లండన్ బీమాతో పనే లేదు. ఈజిప్టుకు సూయజ్ రాబడి 2023లో 1,025 కోట్ల డాలర్లు, 2024లో దాదాపు 400 కోట్లు. ఈజిప్టు ఇందులో ఎవరి శత్రువూ కాదు. ఎక్కువ నష్టపోయింది మాత్రం అదే.

చీఫ్‌మేట్_జగిత్యాల

కరీంనగర్ సార్ ఓడలు రేడియోల ఆచూకీ చెప్పుకునే సంగతి అడిగిండ్రు, ఆ పరికరాన్నే ఏఐఎస్ అంటరు. ప్రతి పెద్ద ఓడ తన పేరు, స్థానం, వేగం, పోయే రేవు రేడియోల చెప్తనే ఉంటది. ఎవరైన చూడొచ్చు, పైసలు కట్టే వెబ్‌సైట్లల్ల యజమాని పేరు సుత దొరుకుతది. ప్రాణానికి ముప్పు ఉంటే కెప్టెన్ దాన్ని బంద్ చేయొచ్చని రూల్స్ ఒప్పుకుంటయి. బంద్ చేసినా లాభం కొంతే. ఏడెన్ దాటేటప్పుడు ఆఖరి స్థానం, వేగం తెలిస్తె ఆరు గంటల తర్వాత ఎక్కడుంటదో చెప్పుడు కష్టం కాదు. ఇంకోటి, ఇరుకు దారిల అందరు బంద్ చేస్తె ఓడకు ఓడ తగిలే ప్రమాదం పెరుగుతది.

కొందరు ఏఐఎస్‌ల గమ్యం రాసే చోట "అందరు చైనా సిబ్బందే", "ఇజ్రాయెల్‌తోటి సంబంధం లేదు" అని పెట్టిండ్రు. పనిచేసిందా అంటే నమ్మకం లేదు. 2024 మార్చ్ 23న కొట్టిన 'హువాంగ్ పు' చైనా యజమానుల ట్యాంకరే. అంతకుముందు అది బ్రిటన్ కంపెనీ చేతిల ఉండె, పాత రికార్డు చూసి కొట్టిండ్రని షిప్పింగ్ వాళ్ల అంచనా. ఓడ చేతులు మారినంక డేటాబేసుల పేరు మారేందుకు వారాలు పడుతయి. ప్రాక్సీతోని దాడి చేయించే దేశానికి కూడ ఇదే తలనొప్పి: చైనాకు, రష్యాకు భరోసా ఇస్తది, పొరపాటున వాళ్ల ఓడనే కొడుతరు. 2024 ఏప్రిల్‌ల 'ఆండ్రొమెడా స్టార్' మీద పడ్డది, అది రష్యా ప్రిమోర్స్క్ నుంచి మన గుజరాత్ వాదినార్‌కు చమురు తెస్తుండె.

ఓడ మీద ఏం చేస్తరో కూడ చెప్త, ఎందుకంటె దొంగల కోసం పెట్టుకున్న పద్ధతి ఇక్కడ తిరగబడ్డది. సోమాలియా దొంగలొస్తె సిబ్బందంత సిటడెల్‌లకు, అంటే ఇంజన్ రూం దగ్గర లోపలి నుంచి తాళమేసుకునే గదిలకు పోతరు. ఇంజన్ ఆపి, నేవీ వచ్చేదాక కూసుంటరు. క్షిపణికి, పేలుడు పడవకు ఈ లెక్క పనికిరాదు. పేలుడు పడవ నీటి గీత దగ్గరనే తగులుతది, నీళ్లు ముందుగాల వచ్చేది ఇంజన్ రూంలకే. 2024 జూన్ 12న బొగ్గు ఓడ 'ట్యూటర్'కు అట్లనే అయింది. వెనక భాగంల తగిలింది, ఇంజన్ రూం నిండింది, ఒక ఫిలిప్పీన్స్ నావికుడు పోయిండు, ఓడ మునిగింది. అందుకే ఇప్పుడు సిబ్బంది నీటి గీతకు పైన, ఓడ నడుమ ఉన్న మెట్ల దారిల జమయితరు. కిటికీలకు, బయటి గోడలకు దూరంగ.

'రూబీమార్' 2024 ఫిబ్రవరి 18న దెబ్బతింటె మార్చ్ 2న మునిగింది. అన్ని రోజులు తేలింది గాని ఎవ్వరు లాక్కపోలేదు. బల్క్ ఓడకు వెనక ఇంజన్ రూం ఒకటే పెద్ద గది. అది నిండితె కరెంటు పోతది, కరెంటు పోతె పంపులు ఆగుతయి. లాగే టగ్గులు ఆ నీళ్లల్లకు రావాలంటె మళ్ల ఆ టగ్గుకు ఎవరు బీమా ఇయ్యాలె? ఇంత చేసి దాని లంగరు ఈడ్చుకుంట పోయి సముద్రం కింది ఇంటర్నెట్ కేబుళ్లను తెంపిందని అంటరు.

నావికుల కాంట్రాక్టుల అంతర్జాతీయ ఒప్పందం ఒకటున్నది. యుద్ధ ప్రాంతమని ప్రకటించిన చోటికి నేను రానని చెప్పే హక్కు ఉంటది, కంపెనీయే తన ఖర్చుతోని ఇంటికి పంపాలె. వస్తె ఆ రోజులకు మూల వేతనం డబుల్, చనిపోతె పరిహారం డబుల్. ఈ ఒప్పందం కిందికి రాని చిన్న కంపెనీల ఓడల్ల ఈ హక్కు కాగితం మీద కూడ ఉండది.

నేవీ ఎందుకు ఆపలేదంటవా, ఆపింది. చాన కూల్చింది. కాని అమెరికా డిస్ట్రాయర్‌ల క్షిపణి గొట్టాలు 96 దాక ఉంటయి. అయ్యి ఒడిస్తె నడి సముద్రంల నింపుకునుడు కాదు, రేవుకు పోవాలె. వేల డాలర్ల డ్రోన్‌ను కూల్చేందుకు ఇరవై లక్షల డాలర్ల క్షిపణి కాలుస్తరు. యూరప్ వాళ్ల నౌకా కాపలా దళం ఆస్పిడెస్ కింద ఒకేసారి ఉన్నది రెండు మూడు యుద్ధనౌకలే, కాపలా కావాలంటె మన వంతు కోసం ఆగాలె, ఆగిన ప్రతి రోజు అద్దె ఎక్కుతది. ఓడ మీదికి బాలిస్టిక్ క్షిపణి వాడుడు యుద్ధంల ఇదే మొదటిసారి. నిమిషాలల్ల పడుతది, కాపలా నౌక దగ్గర్ల లేకపోతె చేసేదేం లేదు.

మన నేవీ అమెరికా కూటమిల చేరలే, వేరేగ ఉన్నది. 2024 జనవరి 26న 'మార్లిన్ లువాండా' అనే నాఫ్తా ట్యాంకర్ ఏడెన్ గల్ఫ్‌ల అంటుకుంటె ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి పది మంది బృందం పోయి మంటలార్పిండ్రు. దాని మీద 22 మంది మనోళ్లే.

నిర్మల్_రీడర్

సార్లందరికి ఒక అభ్యంతరం. హూతీలను ప్రాక్సీ అనుడే సరిగ లేదనిపిస్తది. ఉత్తర యెమెన్‌లున్న సాదా ప్రాంతంల వాళ్ల పోరాటం 2004ల మొదలైంది, అప్పుడు ఇరాన్ సాయం ఎంతున్నదని? 2014ల సనా తీసుకోవద్దని ఇరానే చెప్పిందని అమెరికా అధికారులే అన్నరు. చెప్పిన మాట విననోడు ప్రాక్సీ ఎట్లయితడు?

పాలిటిక్స్_కరీంనగర్

నిర్మల్ గారూ, మీ అభ్యంతరం సగం ఒప్పుకుంటాను, అందుకే ఆదేశాల పొర బలహీనం అన్నాను. మీ వాదనకు 2014 కన్నా గట్టి ఆధారం 2025లో ఉంది. జూన్ 13 నుంచి 24 దాకా ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య నేరుగా యుద్ధం జరిగింది. ఇరాన్‌కు ఎర్ర సముద్రంలో ఒత్తిడి అవసరమైన రోజులంటే అవే. ఆ పన్నెండు రోజుల్లో హూతీలు ఒక్క వాణిజ్య నౌకను కూడా కొట్టలేదు. యుద్ధం ఆగిన రెండు వారాలకు, జులై 6న 'మ్యాజిక్ సీస్', ఆ వెంటనే 'ఇటర్నిటీ సి'. రెండూ మునిగాయి. బటన్ టెహ్రాన్‌లో ఉందంటే ఈ తేదీలు కుదరవు.

కానీ పక్కనే ఇంకోటి చూడండి. హూతీలు సొంతంగా నిర్ణయం తీసుకుంటారు, ఆ నిర్ణయం అమలు చేసే సామర్థ్యం మాత్రం పదేళ్లుగా ధౌల మీద వచ్చింది. ఇరాన్ సరఫరా ఆపితే దాడులు రేపే ఆగవు, గోదాముల్లో నిల్వ ఉంటుంది. ఆరునెలలో ఏడాదో గడిచాక గురి తప్పడం మొదలవుతుంది. పట్టు ఉంది, కానీ నెమ్మదిగా పనిచేసే పట్టు. సౌదీతో 2023 మార్చ్ 10న బీజింగ్‌లో ఇరాన్ రాజీపడ్డాక సౌదీ నౌకల జోలికి హూతీలు పెద్దగా పోకపోవడం గమనించండి. అందులో ఇరాన్ మాట ఎంత, సౌదీతో హూతీల సొంత బేరం ఎంత అన్నది విడదీయలేం. నాకైతే సొంత బేరమే ఎక్కువనిపిస్తుంది.

వేరే దేశాల గురించి అడిగావు కదా తమ్ముడూ. ఈ నీళ్లలో ఇది పాత ఆట. 1971 జూన్‌లో ఇజ్రాయెల్‌కు చమురు తీసుకుపోతున్న 'కోరల్ సీ' ట్యాంకర్‌ను పాలస్తీనా గెరిల్లాలు పెరిమ్ దగ్గర చిన్న పడవ మీద నుంచి బజూకాలతో కొట్టారు. 1973 యుద్ధంలో ఈజిప్టు నౌకాదళం ఇదే జలసంధిని ఇజ్రాయెల్‌కు అడ్డుకుంది. 1984 జులై, ఆగస్టు నెలల్లో ఎర్ర సముద్రంలో, సూయజ్ గల్ఫ్‌లో మందుపాతరలు పేలి పదిహేనుకు పైగా ఓడలు దెబ్బతిన్నాయి. చేసింది మేమేనని ఒక తీవ్రవాద సంస్థ పేరుతో ప్రకటన వచ్చింది. అనుమానం మాత్రం లిబియా సరుకు ఓడ 'ఘాట్' మీద పడింది. మామూలుగా వారం పట్టే ప్రయాణానికి దానికి రెండు వారాలు పట్టిందన్నదే ప్రధాన ఆధారం. ఒక దేశం పని చేసి, ఊరూ పేరూ లేని సంస్థ ఒప్పుకుంటే, ఎవరి మీద ప్రతీకారం తీర్చుకోవాలో తేల్చేలోపు నెలలు గడిచాయి.

యూఏఈది వేరే పద్ధతి. అది ఓడలను కొట్టించలేదు, ఒడ్డును పట్టుకుంది. 2015 నుంచి 2021 దాకా ఎరిట్రియాలోని అస్సాబ్‌లో స్థావరం, యెమెన్ దక్షిణాన తాను పెంచిన దక్షిణ పరివర్తన మండలి బలగాలు, 2020లో ఆ బలగాల చేతికే సొకోత్రా దీవి, పెరిమ్ మీద రన్‌వే. జెండా వేరే వాళ్లది, రన్‌వే మాత్రం తనకు పనికొచ్చింది. రాకెట్ పేలదు కాబట్టి వార్తల్లోకి రాదు, అంతే.

గల్ఫ్ మొగదలలో ఉన్న హోర్ముజ్ జలసంధిని దీనితో కలపకు. అక్కడ ఇరాన్‌కు సొంత తీరం ఉంది, కాబట్టి తన రివల్యూషనరీ గార్డులే దిగుతారు. 2019 జులైలో 'స్టెనా ఇంపెరో', 2024 ఏప్రిల్ 13న 'ఎంఎస్‌సీ ఏరీస్' ఓడలను వాళ్లే పట్టుకున్నారు. రెండోదాని మీద 17 మంది భారతీయులున్నారు, వాళ్లను విడిపించడానికి మన విదేశాంగ శాఖ నేరుగా టెహ్రాన్‌తో మాట్లాడింది. మాట్లాడటానికి ఎదుట ఒక ప్రభుత్వం ఉంది. 2023 నవంబర్ 19న హూతీలు హెలికాప్టర్‌తో దిగి పట్టుకున్న 'గెలాక్సీ లీడర్' కూడా మన గుజరాత్‌లోని పిపావావ్‌కే రావాల్సింది. దాని 25 మంది సిబ్బంది బయటపడింది 2025 జనవరిలో, పద్నాలుగు నెలలకు. సొంత తీరం ఉన్నచోట సొంత బలగం, లేనిచోట అద్దె బలగం. ఈ తేడాను ఒక పేరాలో రాయి.

ఎనుమాముల_ఎరువులు

డీఏపీ ముచ్చట నేను చెప్త. నిజమే, కాని మొత్తం నిజం కాదు.

మనకు డీఏపీ ఎక్కువగ సౌదీ నుంచి, మొరాకో నుంచి వస్తది. చైనా కూడ ఇచ్చేది, ఎగుమతులు కట్టడి చేసినంక తగ్గింది. సౌదీ సరుకు రాస్ అల్ ఖైర్ రేవుల ఎక్కుతది, అది గల్ఫ్ వైపున్నది. మన దగ్గరికి వచ్చేందుకు హోర్ముజ్ దాటాలె, ఎర్ర సముద్రంతోని పని లేదు. దెబ్బ తాకింది మొరాకో సరుకుకు, జోర్డాన్ అకాబా నుంచి వచ్చే ఫాస్ఫారిక్ యాసిడ్, పొటాష్‌కు. 2024ల కేంద్ర ఎరువుల శాఖ చెప్పింది గిదే, డీఏపీ ఓడలు కేప్ తిరిగి రావట్టి 6,500 కిలోమీటర్లు ఎక్కువైందని. మెరైన్ పాలసీ అన్న చెప్పిన 3,500 నాటికల్ మైళ్లు అంటే అదే దూరం.

ఖర్చు పెరిగితె ధర పెరగాలె కద? మన దగ్గర డీఏపీ బస్తా 50 కిలోలు 1,350 రూపాయలు, ఓడ ఎటు నుంచి వచ్చినా అంతే. పెరిగిన కిరాయి సబ్సిడీల రావాలె. కేంద్రం మామూలు సబ్సిడీ మీద టన్నుకు 3,500 ఎక్కువ ఇచ్చింది. అది కూడ దిగుమతి ఖర్చుకు సరిపోదనుకున్న కంపెనీ ఓడ బుక్ చేయదు, లేకపోతె నెల ఆలస్యంగ చేస్తది. గందుకే మన దగ్గర సముద్రం లొల్లి ధరల కనిపించది, సొసైటీ ముంగట లైన్ల కనిపిస్తది. యాసంగి నాట్లకు పది రోజులు లేటయితె ఆ బస్తా వచ్చినా రానట్టే.

మునిగిన రూబీమార్‌ల ఉన్నది ఏందో తెలుసా? అమ్మోనియం ఫాస్ఫేట్ సల్ఫేట్, 21 వేల టన్నులు. డీఏపీ దొరకనప్పుడు మన పత్తి, మిర్చి రైతులు వేసే 20-20-0-13 అదే రకం. మనకు వచ్చే సరుకు కాదది, బల్గేరియాకు పోయేది. కాని ప్రపంచ మార్కెట్ల అన్ని టన్నులు తగ్గినట్టే.

యూరియా సంగతి వేరు. రామగుండం ప్లాంటు ఏడాదికి 12.7 లక్షల టన్నుల కెపాసిటీది, నడిచేది గ్యాస్ మీద. దేశంల యూరియా ప్లాంట్లన్నిటికి గ్యాస్ ధర కలిపి సగటు కడుతరు, అందుల ఖతార్ నుంచి ఓడల మీద వచ్చే ఎల్ఎన్‌జీ కూడ ఉంటది. అది హోర్ముజ్ దాటాలె. సొసైటీల యూరియా లేదంటె ఎర్ర సముద్రం మీద పడేయకుండ్రి.

ఇంక కరీంనగర్ గ్రానైట్ బ్లాకులు, మన తేజ మిర్చి ఎక్కువగ పోయేది చైనా దిక్కు, తూర్పు సముద్రంల నుంచి. వాటికి ఎర్ర సముద్రం అడ్డం రాదు. యూరప్‌కు పోయే నిజామాబాద్ పసుపుకు మాత్రం తగిలింది. నల్ల సముద్రం నుంచి సూయజ్ మీదుగ వచ్చే పొద్దుతిరుగుడు నూనెకు కూడ తగిలింది.

హన్మకొండ_మెయిన్స్

సార్లకు, అన్నలకు చాన థ్యాంక్స్. ఒక్క డౌటు మిగిలింది. 2025 అక్టోబర్‌ల గాజా కాల్పుల విరమణ అయినంక ఓడల మీద దాడులు ఆగినయి కద, మరి కంటైనర్ కంపెనీలు వెంటనే ఎందుకు వాపస్ రాలేదు?

మెరైన్_పాలసీ

దాడి ఆగిందన్న వార్తకు, ప్రీమియం దిగడానికి మధ్య నెలల తేడా ఉంటుంది. జాయింట్ వార్ కమిటీ గీత చెరిగే దాకా ప్రతి ప్రయాణానికీ మళ్లీ ముందస్తు నోటీసు, మళ్లీ ఏడు రోజుల కవర్. పరిస్థితి మారితే బీమాదారు 72 గంటల నోటీసుతో, ఒక్కోసారి అంతకన్నా తక్కువతో కవర్ రద్దు చేయొచ్చు. ఆ లోపు ఓడ సూయజ్ దాటి దక్షిణానికి వచ్చేసి ఉంటే ఏం చేస్తారు?

కంటైనర్ లైన్లకు ఇంకో బాధ ఉంది. బల్క్ ఓడ ఒంటరిది, ఒక్క ప్రయాణానికి నిర్ణయం మార్చుకుంటుంది. కంటైనర్ ఓడలు బస్సు సర్వీసు లాంటివి, వారానికొకటి ఫలానా రోజు ఫలానా రేవు. కేప్ దారిలో అదే వారపు సర్వీసు నడపాలంటే పది ఓడలున్న చోట పన్నెండు పెట్టాలి. తిరిగి సూయజ్‌కు మార్చిన రోజు ఒక పెద్ద చిక్కు వస్తుంది. నెల కిందట కేప్ మీదుగా బయల్దేరిన ఓడలు, నిన్న సూయజ్ దాటిన ఓడలు ఒకే వారంలో రోటర్‌డ్యామ్, యాంట్‌వెర్ప్ రేవుల ముందు పోగవుతాయి. క్రేన్లు చాలవు, ఖాళీ కంటైనర్లు తప్పు చోట ఇరుక్కుంటాయి. అంతా సర్దుకోవడానికి రెండు మూడు నెలలు. ఇంత చేశాక ఒక్క క్షిపణి పడితే మళ్లీ మొత్తం వెనక్కి తిప్పాలి. అందుకే కంపెనీలు ఒకటీ అరా ఓడలను పంపి చూస్తాయి, షెడ్యూల్‌లో మాత్రం కేప్ దారే ఉంచుతాయి.

అక్కడ హూతీలకు, వాళ్ల వెనకున్న వాళ్లకు ఖర్చు లేకుండా పని జరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో సనాలో ఒక 'మానవతా సమన్వయ కేంద్రం' పెట్టారు. అది నేరుగా షిప్పింగ్ కంపెనీలకు ఈమెయిళ్లు పంపుతుంది, ఏ కంపెనీ ఓడలు పోవచ్చు, ఏవి పోకూడదు అని. అలాంటి ఒక్క ఈమెయిల్ వచ్చిందని తెలిస్తే చాలు, బీమా కోట్ కోసం ఫోన్ చేసినప్పుడు అవతలివాడు ముందు అడిగేది దాని గురించే.